నాలిక చెప్పినంత

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవాళ్ళకి
ఆవిడ పేరు పల్లాలమ్మ కాదు,
పళ్ళపొడి.
"పళ్ళపొడి ఎక్కిందా?" అంటే
మనిషి ఎక్కిందా అని.

పాత నోటుపుస్తకాల కాగితాల్లో పొట్లం,
ఒక్కోటీ రూపాయి.
విప్పితే ఎవరివో తప్పు కూడికల మధ్య
చారెడు బూడిద.
ఐదో క్లాసు తప్పిన ఏడు
ఆ పొట్లాలు నేనే కట్టేదాన్ని.

రైసు మిల్లు వెనక ఊక బూడిద ఉచితం,
వాచ్‌మన్ బుల్లబ్బాయికి రెండు పొట్లాలిస్తే.
నల్లగా ఉన్నది వద్దు, మరీ తెల్లనిదీ వద్దు,
పావురాయి మెడ రంగుదే ఏరేది.
కల్లుప్పు పెనం మీద చిటపటలాడి
ఇంక నా వల్ల కాదని ఊరుకునేదాకా వేయించడం.
పంటకాలవ గట్టున పీకిన ఉత్తరేణి వేళ్ళు,
పొంగించిన పటిక,
చూరు కింద ఎండిన జామాకు,
లవంగాలు.
లవంగాలు మాత్రం లెక్కపెట్టి,
అవి కొట్లో అప్పు.

"ఏది ఎంతెయ్యాలి?" అనడిగితే
"నాలిక చెప్పినంత" అనేది.

ఎవరి నాలిక?
నాది.

ఆవిడకి పళ్ళు లేవు.
ఒక్కటంటే ఒక్కటి లేదు.
పంటు మీద కాలేజీ కుర్రాళ్ళు
"నీ పొడి నువ్వు వాడలేదా మామ్మా?" అనేవారు.
ఆవిడా నవ్వేసేది, ఉత్త చిగుళ్ళతో,
చిల్లర కొంగున ముడేసుకుంటూ.

నాకొక్కదానికీ చెప్పింది,
రోట్లో పొత్రం తిరుగుతుండగా,
నా మొహం చూడకుండా:
"మా అయ్యది ఇటికల బట్టీలో పని.
ఇరిగిన ముక్క నూరి
పొద్దున్నే తలో చిటికెడూ పెట్టేవోడు.
తళతళలాడిపోయేయి.
పెళ్ళిచూపుల్లో మెచ్చుకున్నారు కూడానూ.
ముప్పయ్యేళ్ళొచ్చేసరికి
ఒక్కోదాన్నీ ఇటికే తినేసింది."

అందుకే వాయిల్ చీర ముక్కలో మూడు జల్లింపులు.
అందుకే ప్రతి వాయికీ
నా ముందరి పళ్ళ మీద వేలితో రాసి
"గీరుతుందేటే?" అని అడగడం.
లేదన్నా నమ్మేది కాదు.
పెదవెత్తి, వెలుతురుకి తిప్పి,
సంతలో దూడ వయసు చూసే బేరగాడిలా చూసేది.
రెండు రేవుల జనానికీ
నా నోరే త్రాసు.

ఒకసారి అబద్ధమాడాను.
ఆకలేసింది, ఇంటికెళ్ళిపోవాలి.
గీరుతున్నా లేదన్నాను.
ఆ సాయంత్రం దీపం పెట్టేశారు కాబట్టి
పెదవెత్తినా ఆవిడకేమీ కనబడలేదు.

ఎనభై పొట్లాలు.
మర్నాడు పంటు సగం ఏరు దాటాక
ఎందుకో ఒకటి విప్పి
చిగురు మీద రాసుకుంది.
కాసేపు దవడ కదపలేదు.
తర్వాత పొట్లాలన్నీ ఒక్కోటే విప్పి,
కాగితాలు ఒళ్ళో దాచుకుని,
పొడి నీళ్ళలోకి వదిలింది.
గోదారి బారెడు మేర బూడిద రంగైంది,
అంతలోనే మామూలైపోయింది.

నన్ను తిట్టలేదు.
నా కూలి డబ్బులు నాకిచ్చి
"పళ్ళు మళ్ళీ మొలవ్వే" అంది.
అంతే.

ఈ నెల ట్యూబు తోక దాకా చుట్టేసి,
కత్తెరతో కోసి, లోపల గీకేశాక
ఇంక కొనబుద్ధి కాలేదు.
మిల్లు బాయిలరు మూతపడి చాలా కాలం,
పిడకల కచ్చికతో సరిపెట్టాను.
రోలు లేదు, మిక్సీ.
లవంగాలు ఇప్పుడూ లెక్కపెట్టే వేశాను,
అప్పేం లేదు, అలవాటు.

మా చిన్నది వేలితో తోముకుని
"నురగ రాదేంటమ్మా?" అంది.
అద్దంలో నల్లటి నోరు చూసుకుని
పడీ పడీ నవ్వింది.
దాని పెదవెత్తి
కిటికీ వైపు తిప్పాను.

"గీరుతుందా?"
"లేదమ్మా."
"నిజంగా?"
"బస్సొచ్చేస్తుంది, లేదన్నానుగా!"

అది వెళ్ళిపోయింది.
పాత చీర ఒకటి వెతికి తీసి
మళ్ళీ జల్లిస్తున్నాను.